రేగుల సత్రంలో పెద్ద పండుగ

బదిలీ ఉత్తర్వులో చేరవలసిన ఊరి పేరు ఉంటుంది. చేరవలసిన తేదీ ఉంటుంది. సామాను తరలింపు ఖర్చును ఏ నిబంధన క్రింద కోరవచ్చునో కూడా ఉంటుంది. ఆ ఊళ్ళో పండుగ ఎవరితో కలిసి చేసుకోవాలన్నది మాత్రం ఉండదు. ఉండవలసిన అవసరమూ లేదనుకోండి. కాని మన సంస్థలో పాతికేళ్ళ సర్వీసు నిండిన వారెవరినైనా కదిపి చూడండి. పరాయి రాష్ట్రంలో ఇల్లు వెదుక్కోవడం, పిల్లలకు బడిలో చోటు సంపాదించడం, వంటగ్యాసు బదిలీ చేయించుకోవడం, ఈ మూడు అవస్థలనూ నవ్వుతూ గంటసేపు వర్ణిస్తారు. అక్కడ గడిపిన తొలి సంక్రాంతి మాటెత్తేసరికి వారి స్వరం తగ్గుతుంది. ఆ స్వరం తగ్గే చోటే ఈ నెల మన శీర్షికకు విషయం.

ఇది తెలుగువారికి మాత్రమే పరిమితమైన వెలితి కాదు. అమెరికా ప్రజలకు థాంక్స్‌గివింగ్ అనే పండుగ ఒకటున్నది. పంట ఇల్లు చేరినందుకు కృతజ్ఞత తెలుపుకొనే రోజది. అంతర్యుద్ధం సాగుతుండగానే, 1863లో, అధ్యక్షుడు అబ్రహాం లింకన్ నవంబరు నెల చివరి గురువారం నాడు దేశమంతటా దానిని జరుపుకోవాలని ప్రకటించాడు. 1941లో అమెరికా కాంగ్రెసు శాసనం చేసి నవంబరు నాల్గవ గురువారంగా దానిని స్థిరపరచింది. ఆనాడు ఎక్కడెక్కడి బిడ్డలూ తల్లిదండ్రుల ఇంటికి చేరుతారు. నిండుగా కాల్చిన టర్కీ కోడి, క్రాన్‌బెర్రీల పచ్చడి, గుమ్మడికాయతో చేసిన తీపి వంటకం బల్లమీద ఉండి తీరాలి.

ఇప్పుడు ఉద్యోగరీత్యా జర్మనీలో కాపురమున్న ఒక అమెరికన్ దంపతుల పరిస్థితిని ఊహించండి. అక్కడ ఆ గురువారం మామూలు పనిదినం. జర్మనులకు పంటల పండుగ లేదా అంటే ఉన్నది, పేరు ఎర్న్‌టెడాంక్‌ఫెస్ట్. సాధారణంగా అక్టోబరు మొదటి ఆదివారం నాడు చర్చి వేదిక ముందు గోధుమ పనలూ, ఆపిల్ పళ్ళూ, గుమ్మడికాయలూ పేర్చి దైవానికి వందనం చేస్తారు. నవంబరు 11న సెయింట్ మార్టిన్ పండుగకు బాతును వండుకుంటారు. అంటే మన అమెరికన్ దంపతుల పండుగ వచ్చేసరికి ఇరుగుపొరుగువారు దేవునికి చెప్పవలసిన కృతజ్ఞత చెప్పేసి, తినవలసిన పక్షినీ తినేసి, క్రిస్మస్ ఏర్పాట్లలో ఉంటారు. వీరు మాంసపు దుకాణంలో ముందుగా చెప్పి నిండు టర్కీని తెప్పించుకోవాలి. క్రాన్‌బెర్రీలు దొరక్కపోతే వాటి చుట్టమైన, అక్కడ విరివిగా దొరికే ప్రైజల్‌బేరె పళ్ళతో సరిపెట్టుకోవాలి. గురువారం సెలవు లేదు గనుక విందును శనివారానికి జరుపుకోవాలి. ఇన్ని చేసినా ఒక చిక్కు మిగులుతుంది. నిండు టర్కీని ఇద్దరు తినలేరు. అతిథులు కావాలి. ఆ అతిథులు ఈ పండుగ పేరైనా ఎరుగని జర్మనులు. కనుక పండుగ జరుపుకోవడంతోపాటు అది ఏమిటో వారికి విప్పి చెప్పవలసిన పని కూడా పడుతుంది.

మన అరిసె కూడా ఆ టర్కీ వంటిదే. ఇద్దరి కోసం అరిసెలు వండిన ఇంటిని నేనింతవరకు చూడలేదు. బియ్యం నానబెట్టి, తడి ఆరకముందే దంచి, జల్లించాలి. పాకం చూడడానికి ఒకరు, అందులో పిండి పోస్తుంటే కలియబెట్టడానికి ఒకరు, నువ్వులద్ది ఒత్తడానికి ఒకరు, నూనెలోనుంచి తీసి చెక్కలమధ్య నొక్కడానికి మరొకరు ఉండాలి. నాలుగు జతల చేతులు లేనిదే ఆ వంట సాగదు. రెండు జతల చేతులే ఉన్న ఇంట్లో ఏం చేస్తారన్నది నేను 2023 సంక్రాంతికి ఢిల్లీలోని బేర్ సరాయ్‌లో చూశాను.

ఆ ఏడు భోగి శనివారం, సంక్రాంతి ఆదివారం, కనుమ సోమవారం. సోమవారం ఉదయమే ఢిల్లీ కార్యాలయంలో ఒక సమీక్షా సమావేశం. సమావేశపు తేదీని నిర్ణయించినవారు పంచాంగం చూడలేదని వేరే చెప్పనక్కరలేదు. కేంద్రప్రభుత్వ కార్యాలయాలలో మకర సంక్రాంతి ఐచ్ఛిక సెలవుల జాబితాలోనే ఉంటుంది. ఏడాదికి రెండింటిని ఎంచుకోవచ్చు. కనుమ ఆ జాబితాకు కూడా ఎక్కదు. ఇంట్లో ముఖాలు ముడుచుకుంటూ ఉండగానే నేను ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రెండేళ్ళ క్రితం ఢిల్లీకి బదిలీ అయిన కోనసీమ మిత్రుడొకరు తన ఇంట్లోనే దిగాలని పట్టుబట్టాడు. పట్టుబట్టడంలో కొంత స్వప్రయోజనమూ ఉన్నదని రాజమహేంద్రవరం స్టేషనులో తెలిసింది. బండి ఆగగానే ఒక పెద్దమనిషి నా పెట్టె వెదుక్కుంటూ వచ్చి, ఒక గోనెసంచీ, ఒక చిన్న మూట అప్పగించాడు. సంచిలో కొత్త బియ్యం, మూటలో గుడ్డలో చుట్టిన వరికుచ్చు. ఆయన మా మిత్రుని పొలం కౌలుకు చేస్తున్న రైతు. ఆ రాత్రివేళ, ఆ చలిలో, కోనసీమ నుండి రాజమహేంద్రవరం దాకా వచ్చాడు. “అమ్మగారు పంపమన్నారండి. ఇవి చేనిలో మొదట కోసిన కంకులండి, జాగ్రత్త” అని మాత్రం చెప్పి దిగిపోయాడు. పేరడుగుదామనేలోపుననే బండి కదిలింది.

బేర్ సరాయ్ గురించి కొంత చెప్పాలి. దక్షిణ ఢిల్లీలో, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికీ, ఐ.ఐ.టి.కీ నడుమ ఉన్న ఇరుకు సందుల గ్రామమది. మునిర్కా, కట్వారియా సరాయ్, జియా సరాయ్ దాని ఇరుగుపొరుగులు. హిందీలో బేర్ అంటే రేగు. సరాయ్ అంటే బాటసారుల సత్రం. ఆ పేరు అసలు ఎలా ఏర్పడిందో గాని, రెండు మాటలనూ కలిపి తెలుగు చేస్తే రేగుల సత్రమవుతుంది. సివిల్ సర్వీసు పరీక్షలకు చదివే విద్యార్థులకు ఈ ఊరు చిరపరిచితం. పాత ప్రశ్నపత్రాలు, ఎవరో వ్రాసుకున్న నోట్సుల నకళ్ళు అమ్మే పుస్తకాల దుకాణాలు, వాటిపై గదులు, ఆ గదులలో బీహారు, ఉత్తరప్రదేశ్, ఒడిశా, తెలుగు రాష్ట్రాల కుర్రవాళ్ళు. బాటసారులు మారారు గాని సత్రం వృత్తి మారలేదు.

ఒకప్పుడు ఇది పంటలు పండించిన ఊరే. 1908లో బ్రిటిష్ రెవెన్యూ అధికారులు ఢిల్లీ గ్రామాల పటాలపై ఇళ్ళున్న భాగం చుట్టూ ఒక ఎర్రగీత గీశారు. దానిని లాల్ డోరా అన్నారు. గీత లోపలిది నివాసం, వెలుపలిది సాగుభూమి. 1957లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ ఏర్పడి, 1962లో నగరపు బృహత్ప్రణాళిక అమలులోకి వచ్చాక, గీత వెలుపలి పొలాలు గ్రామం తరువాత గ్రామంగా ప్రభుత్వ సేకరణ క్రిందకు పోయాయి. ఎర్రగీత లోపలి ఇళ్ళు మాత్రం మిగిలి, అంతస్తుమీద అంతస్తు వేసుకుంటూ పైకి పెరిగాయి. చేను లేని పల్లె అంటే ఎలా ఉంటుందో చూడదలచినవారు ఆ ప్రాంతానికి వెళ్ళవచ్చును.

మా మిత్రుడుండేది అటువంటి ఒక ఇంటి రెండవ అంతస్తులో. క్రింద ఇంటి యజమానురాలు, డెబ్బై దాటిన వితంతువు. ఊరంతా ఆమెను తాయీ అంటారు. హర్యానా పలుకుబడిలో పెదతండ్రి భార్య అని అర్థం. మన పెద్దమ్మ అన్నమాట. పైన మూడవ అంతస్తులో నలుగురు బీహారు విద్యార్థులు. ఎదురింటిలో ఒక పంజాబీ కుటుంబం. మా మిత్రుని కుమార్తెకు అప్పటికి మూడేళ్ళు. తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే వయస్సు.

పొగమంచులో బండి ఆలస్యమై నేను ఇల్లు చేరేసరికి భోగి మంట అయిపోయింది. ఢిల్లీ చలికాలపు గాలి సంగతి తెలిసిందే. అక్కడ ఆరుబయట చెత్త తగులబెట్టడం నిషిద్ధం. అందువల్ల తాయీ తన అంగీఠీని, అంటే ఇనుప కుంపటిని, డాబామీదకు ఇప్పించింది. నాలుగు పుల్లలూ, రెండు పిడకలూ వేసి, పిల్లకు దిష్టి తీసి, భోగి అయిందనిపించారట. ముగ్గు మెట్లముందరి చప్టామీద ఉన్నది. నడుమ గొబ్బెమ్మలు. ఆవుపేడ ఎక్కడ దొరికిందని అడిగాను. తాయీయే తెచ్చిచ్చిందట. గొబ్బెమ్మలంటే ఏమిటో ఎలా చెప్పాలా అని మా మిత్రుని శ్రీమతి తడుముకుంటూ ఉంటే, ఆమె తానే పేడముద్ద చేతిలోకి తీసుకొని, “ఇది మా గోవర్ధన్ కదా!” అన్నదట. దీపావళి మరునాడు ఆ ప్రాంతపు స్త్రీలు ముంగిట పేడతో గోవర్ధన గిరిని తీర్చి పూజిస్తారు. చెప్పవలసిన అవసరమే లేకపోయింది. మన గొబ్బెమ్మ తలపై పెట్టడానికి గుమ్మడిపూవు దొరకలేదు, బంతిపూవుతో సరిపోయింది.

గుమ్మడి అంటే ఒక ముచ్చట గుర్తుకు వచ్చింది. సంక్రాంతికి మనవారు గుమ్మడికాయ దానమిస్తారు గదా. మా మిత్రుడు బండివాని వద్ద “కద్దూ” అని అడిగితే, ఆ మాటకు ఢిల్లీలో అర్థాలు ఇంటికొకటిగా ఉండడం వల్ల, అతడు ఏదో కాయ చూపించాడు. అది కాదంటే “అయితే సీతాఫల్ కావాలా?” అన్నాడు. చలికాలపు చివర సీతాఫలాలేమిటని ఈయన విస్తుపోతూ ఉండగా అతడు చక్కని గుమ్మడికాయను త్రాసులో పెట్టాడు. ఢిల్లీలో సీతాఫల్ అంటే గుమ్మడే. ఇంతకూ ఆ కాయ పుట్టిల్లు అమెరికా ఖండం. థాంక్స్‌గివింగ్ బల్లమీద, జర్మన్ చర్చి వేదిక ముందు, మన దానపు పళ్ళెంలో ఒకే కాయ కూర్చుంటుందన్నమాట. దానికెక్కడా పరాయితనం లేదు.

సాయంకాలం పాపకు భోగిపళ్ళు పోయాలి. అసలు సంకటం అక్కడ వచ్చింది. రేగుల సత్రంలో రేగుపళ్ళు లేవు. దక్షిణాదిన రేగు త్వరగా పండుతుంది. పంజాబు, హర్యానా ప్రాంతాలలో ఫిబ్రవరి నుండి ఏప్రిల్ దాకా పండుతుంది. ఊరి బండ్లన్నీ గాలించి, దక్షిణాది సరుకులకు పేరుపడ్డ ఐ.ఎన్.ఎ. మార్కెట్టుకు కూడా వెళ్ళివచ్చాడు మా మిత్రుడు. దొరికినవి కోడిగుడ్డంతేసి ఆపిల్ రేగులు. వాటిని పసిపిల్ల నెత్తిన పోస్తే దీవెన కాదు, దెబ్బ. ఆ ఇల్లాలు ఫోనులో అత్తగారినడిగింది. “శనగలు నానబోశావు కదమ్మా, చెరకుముక్కలున్నాయి, పూలున్నాయి, చిల్లర ఉన్నది. రేగుపండు లేకపోతే భోగిపళ్ళెలా అవుతాయి?” అని ఆవిడ కాసేపు ఊరుకొని, “పోనీ, ఆ ఊళ్ళో పిల్లల మీద ఏం పోస్తారో కనుక్కో” అన్నారు. ఆ వాక్యం నా చెవులారా విన్నాను. నా లెక్కలో ఆ మూడు రోజుల్లో అంతకన్న గొప్ప మాట మరొకరు అనలేదు. ఎనిమిది పదుల వయస్సులో, తన ఆచారాన్ని మరొక ఊరి చేతుల్లో పెట్టడానికి ఆవిడకు ఎంత మనస్సు కావలసి వచ్చిందో!

ఆ ఏడు సంక్రాంతి 15న పడడంతో లోహ్రీ పండుగను కొందరు 13ననే, మరికొందరు 14న చేసుకున్నారు. ఎదురింటి పంజాబీవారిది 14. సందులో మంట వేసి, అందులో వేరుసెనగలు, పేలాలు, నువ్వుల రేవడీలు వేసి, చుట్టూ తిరిగి, మిగిలినవి అందరికీ పంచుతారు. కొత్త కోడలికీ, పుట్టిన బిడ్డకూ తొలి లోహ్రీ ముఖ్యం. వారు పళ్ళెం నిండా పట్టుకొచ్చిన వేరుసెనగలూ, పేలాలూ, రేవడీలనే శనగలలో, పూలరేకులలో కలిపారు. పాపను పీటమీద కూర్చోబెట్టారు. తాయీ, ఎదురింటి ఇల్లాలు, ఆమె అత్తగారు, ఒకరి తరువాత ఒకరు దోసిలితో పోశారు. అక్షతల వేళ ఏమనాలో తెలియక తాయీ తన భాషలోనే ఏదో దీవించింది. మేడమీది బీహారు కుర్రవాళ్ళు క్రింద పడిన నాణేలకోసం పాపతో పోటీపడ్డారు. వారిలో ఒకడు ఆ ఏడు పరీక్ష మూడవసారి వ్రాయబోతున్నాడు. ఇంటికి వెళ్ళి రెండు సంక్రాంతులు దాటిందట. దొరికిన రూపాయిని జేబులో వేసుకొని ఇవ్వనన్నాడు.

ఆదివారం సంక్రాంతి. నేను తెచ్చిన కొత్త బియ్యంతో పొంగలి. బెల్లం ముజఫర్‌నగర్‌ది, అనకాపల్లిది కాదు. రుచిలో భేదముందని మా మిత్రుడన్నాడు. రెండవసారి వడ్డించుకున్నాడు కనుక ఆ విమర్శను నేను పట్టించుకోలేదు. వరికుచ్చును గుమ్మానికి కట్టారు. ఢిల్లీ ప్రభుత్వం 2012లో ఊరపిచ్చుకను తమ రాష్ట్రపక్షిగా ప్రకటించింది. అయినప్పటికీ ఆ ఉదయం మా కుచ్చు మీదకు వచ్చినవి పావురాలే. మధ్యాహ్నానికి రెండు పిచ్చుకలు వచ్చాయని పాప పరుగెత్తుకొచ్చి చెప్పింది, తెలుగులో చెప్పింది.

పదిగంటలకు మేడమీదివారు పెరుగు, అటుకులు, గయ నుండి తెప్పించిన తిల్‌కుట్ పట్టుకొని దిగారు. బీహారులో సంక్రాంతికి దహీ-చూడా తినక తప్పదు. క్రింది నుండి తాయీ మినపపప్పుతో ఖిచిడీ పంపింది. అది మన పులగానికి పెదతల్లి బిడ్డ. తిండి విషయంలో ఆ రోజు నేను వివరాలలోకి వెళ్ళను. అరిసెలు మాత్రం వండారు. పాకం చూసింది ఇల్లాలు, కలియబెట్టింది మా మిత్రుడు, ఒత్తింది ఎదురింటి ఇల్లాలు, నొక్కింది నేను. నాలుగు జతల చేతులు!

అరిసెలు చల్లారుతుండగా మా మిత్రుడు ఒక మాటన్నాడు. సంక్రాంతికి వాళ్ళ ఊళ్ళో తండ్రిగారు కళ్ళంలోనే గింజలు కొలిచి చాకలికీ, మంగలికీ, కుమ్మరికీ, పాలేరుకూ ఇచ్చి గాని ధాన్యం ఇంటికి తోలేవారు కారట. హరిదాసుకు బియ్యం పెట్టడం, గంగిరెద్దుకు పాత పంచె కప్పడం, ఇవన్నీ చిన్ననాడు తాను చేసినవే. “ఇక్కడ జీతం బ్యాంకులో పడుతుంది, బియ్యం దుకాణంలో దొరుకుతుంది. ఎవరికి ఏం పెట్టాలో తెలియదండీ” అన్నాడు. నాకు రాజమహేంద్రవరం స్టేషను గుర్తుకు వచ్చింది. ఆ కౌలురైతు పేరేమిటని అడిగాను. చెప్పాడు. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేక పంటవిరామం ప్రకటించి సార్వాకు నాట్లు మానేసినప్పుడు కూడా, తిండిగింజలకైనా ఉండాలని అరెకరం నాటిన మనిషట ఆయన. ఆ ఏడు కౌలు అడగలేదని మా మిత్రుడు కొంత సంతృప్తితోనే చెప్పాడు. ఆయన శ్రీమతి పాకం గిన్నె కడుగుతూ, “ఆ తరువాతి ఏడు నుండి అడుగుతూనే ఉన్నాం కదండీ” అన్నది. ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. సాయంత్రం ఆయన ఆ రైతుకు ఫోను చేశాడు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, అడగనూ లేదు. కౌలు వ్యవహారాలు అతిథి చెవిన పడవలసినవి కావు.

ఆ సాయంత్రమే మరొకటి జరిగింది. మనకు సంక్రాంతి పెద్దల పండుగ. గతించిన పెద్దలకు కొత్త బట్టలు పెట్టి, తర్పణాలు విడుస్తాం. హర్యానా పల్లెలలో సక్రాంత్ నాడు కోడళ్ళు బ్రతికి ఉన్న అత్తమామలకు, ఇంటి పెద్దలకు శాలువా కప్పి కాళ్ళకు మ్రొక్కుతారు. తాయీ కొడుకులిద్దరూ గురుగ్రామంలో వేరే ఇళ్ళు కట్టుకున్నారు. కోడళ్ళు ఫోను చేశారని, దారిలో పొగమంచు వల్ల రాలేమన్నారని ఆమె పొద్దుటినుండి మూడుసార్లు చెప్పింది. ఆ ఇల్లాలు అత్తగారి పేర బొట్టుపెట్టి ఉంచిన కొత్త శాలువా ఒకటి ఇంట్లో ఉన్నది, వేసవిలో ఊరు వెళ్ళినప్పుడు ఇద్దామని కొన్నది. భర్తను పక్కకు పిలిచి ఏదో అన్నది. ఆయన తల ఊపాడు. ఇద్దరూ క్రిందకు దిగి, మంచంమీద కూర్చున్న తాయీకి ఆ శాలువా కప్పి పాదాలు తాకారు. ఆమె శాలువా కొస పట్టుకొని చాలాసేపు చూసి, తాను కాపురానికి వచ్చిన ఏడు తన అత్తగారికి కప్పిన ఉన్ని కంబళి గురించి చెప్పింది. అప్పటికింకా పొలం ఉండేదట. ఇప్పుడు ఏ గోడ ఉన్నదో ఆ చోట ఆవచేను పూసేదట. “ఇప్పుడు మా పంట మీరే” అన్నది. అద్దెలను ఉద్దేశించి అన్నదో, మనుషులనుద్దేశించి అన్నదో నాకు తెలియదు, రెండూ నిజమే.

సోమవారం కనుమ. సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో ఆ తెల్లవారుజామున 1.4 డిగ్రీలు నమోదైంది. కనుమనాడు మినుము తినాలన్న సామెతను గౌరవించి ఆ ఇల్లాలు అయిదున్నరకే గారెలు వేసింది. కనుమనాడు కాకి కూడా కదలదన్న సామెతను గౌరవించే అవకాశం మాత్రం మా ఇద్దరికీ లేకపోయింది. తొమ్మిదిన్నరకు సమావేశం. దాని వివరాలు ఈ పత్రికలో వేరే పుటలలో వచ్చే విషయాలు గనుక వదిలేస్తున్నాను.

దారిలో మా మిత్రుడు గడియారం చూసుకుంటూ, “ఈపాటికి ప్రభ లేచి ఉంటుంది” అన్నాడు. కనుమనాడు కోనసీమలో జగ్గన్నతోట తీర్థం. చుట్టుపట్ల పదకొండు గ్రామాల రుద్రులు వెదురుతో కట్టి, రంగురంగుల వస్త్రాలూ, నెమలి పింఛాలూ, వరికంకులూ అలంకరించిన ప్రభలపై భుజాలమీద ఊరేగివచ్చి ఆ కొబ్బరితోటలో కలుసుకుంటారు. తోటలో గుడి లేదు. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువలో దిగి, మోసేవారి పీకలదాకా వచ్చిన నీటిలో దాటుకొని వస్తాయి. తోట ఉన్న మొసలపల్లి స్వామి మిగిలినవారికి ఆతిథ్యమిస్తాడు. సాయంకాలానికి ఎవరి ఊరికి వారు తిరిగి వెళ్ళిపోతారు. దేవుళ్ళు కూడా ఏడాదికొక రోజు ఇల్లు వదలి ఒకరికొకరు అతిథులవుతారన్నమాట. ఆ పదకొండింటిలో మా మిత్రునిది ఒక ఊరు. చిన్నప్పటినుండి కనుమనాడు ఆ ప్రభ క్రింద భుజం పెట్టని ఏడు లేదట, ఢిల్లీకి వచ్చేదాకా.

ఆ రాత్రే నేను తిరుగు బండి ఎక్కాను. పది రోజుల తరువాత, జనవరి 26న, ఉదయం పదకొండు దాటాక ఫోను మోగింది. రాజ్‌పథ్‌ను 2022 సెప్టెంబరులో కర్తవ్యపథ్‌గా మార్చాక జరిగిన తొలి గణతంత్ర దినోత్సవమది. ఆంధ్రప్రదేశ్ శకటంగా ఆ ఏడు తీసుకున్న విషయం ప్రభల తీర్థం. కోనసీమ సంక్రాంతి ఢిల్లీ నడివీధిన ఊరేగుతున్నది! మా మిత్రుడు ఏమీ చెప్పలేకపోయాడు. వెనుక నుండి పాప “మన ప్రభ, మన ప్రభ” అని అరవడం వినిపించింది. తాయీ, మేడమీది కుర్రవాళ్ళు అందరూ వారి టీవీ ముందే ఉన్నారట. శకటం కనిపించినది నిమిషానికి మించదు. దానిలో ప్రభలు మోస్తున్నవారు భుజం మార్చుకునే తీరు సరిగా లేదని మా మిత్రుడు తరువాత తీరికగా విమర్శించాడు. భుజం పెట్టినవారి విమర్శ గనుక దానిని మనం కాదనలేము.

ఫిబ్రవరి 18న మహాశివరాత్రి. ఉత్తరాదిన శివునికి ఆనాడు రేగుపళ్ళు నివేదిస్తారు. రెండు రోజులు ముందుగా తాయీ బజారునుండి గంపెడు రేగులు తెప్పించింది. అందులోనుంచి గోళీకాయలంతేసి చిన్నవి, ఎర్రనివి ఏరి, కొంగున పోసుకొని, మెట్లెక్కి వచ్చి తలుపు తట్టిందట. పాపను పీటమీద కూర్చోబెట్టమన్నదట. భోగి అయి నెల దాటిందని ఆ ఇల్లాలు చెప్పబోతే, పళ్ళు ఇప్పుడు పండితే తానేం చేస్తానన్నదట తాయీ.